మా అన్న రక్తం, నా రిసెప్టర్

నేనేం పని చేస్తానో మా ఊరివాళ్లకు చెప్పాల్సి వస్తే నాకు ముందే నీరసం వస్తుంది. బెంగళూరులో ఒక ల్యాబులో అంటే రక్తపరీక్షలు చేస్తాననుకుంటారు. ఒకసారి కదిరి బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ సంచిలోంచి షుగరు రిపోర్టు తీసి నా చేతిలో పెట్టింది, కాస్త చూసి చెప్పమ్మా అని. నేను మనుషుల రక్తం చూడనమ్మా, రక్తంలో ఉండే ఒకే ఒక్క ప్రోటీను ఆకారం చూస్తాను అన్నాను. ఆమె రిపోర్టు వెనక్కి లాక్కుని కిటికీ వైపు తిరిగింది. తనకల్లు వచ్చేదాకా మళ్లీ నా ముఖం చూడలేదు.

నిజానికి విషయం అంత కష్టమైనదేమీ కాదు. మన రక్తంలో ప్లేట్‌లెట్లని చిన్న కణాలుంటాయి. వేలు తెగితే అవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని, గుంపు కట్టి, రక్తం కారకుండా అడ్డం పడతాయి. ఎక్కడో తెగిందన్న కబురు వాటికి అందాలి కదా. ఆ కబురు అందుకోవడానికి ప్రతి ప్లేట్‌లెట్ ఒంటి మీదా కొన్ని ప్రోటీన్లుంటాయి, వాటినే రిసెప్టర్లంటారు. అందులో ఒకదాని పేరు పీ టూ వై ట్వెల్వ్. దానికి ఇంతకంటే మంచి పేరు పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. కణం పొరలో ఏడుసార్లు అటూ ఇటూ దూరి ఉంటుంది. బయటి వైపు ఒక గుంట. కబురు తెచ్చే అణువు ఆ గుంటలో పడితే ప్లేట్‌లెట్ మేలుకుంటుంది. ఆ గుంట ఎంత లోతు, దాని గోడల్లో ఏది ఎక్కడుంది అని బొమ్మ తీయడమే నా ఉద్యోగం.

బొమ్మంటే ఫోనుతో తీసేది కాదు. ముందు ఆ ప్రోటీన్‌ను స్ఫటికం చేయాలి. పటికబెల్లం పలుకులో చక్కెర సర్దుకున్నట్టు కోట్ల కొద్దీ రిసెప్టర్లు వరుసగా, కదలకుండా, ఒకే తీరున నిలబడాలి. అప్పుడు దాని మీద ఎక్స్-కిరణాలు కొడితే చుక్కలు పడతాయి. ఆ చుక్కల నుంచి ఆకారం లెక్కగడతాం. కదలకుండా నిలబడటమంటే నా రిసెప్టర్‌కు అస్సలు గిట్టదు. పొరలోంచి బయటికి తీస్తే ముద్దకట్టుకుపోతుంది. టూత్‌పేస్టంత చిక్కటి కొవ్వులో దాన్ని కలిపి, గాజు పలక మీద చుక్కలు చుక్కలుగా పెట్టి, వారాల తరబడి మైక్రోస్కోపులో కళ్లు కాయలు కాసేలా చూడాలి. దాని మొదటి బొమ్మలు మాకంటే ముందే వేరే దేశం వాళ్లు తీసేశారు. మాకు మిగిలింది దాని ఇంకో భంగిమ. ఒకసారి మా చుక్కలో మిలమిలా మెరిసే పలుకులు కనిపించాయి. ల్యాబంతా మిఠాయి పంచాను. వాటిని పిల్లల్లా సాకి, విమానంలో మోసుకుపోయి, ఎక్స్-కిరణాల యంత్రం ముందు పెడితే అది ఉప్పు. మేం కలిపిన ద్రావణంలోంచి పేరుకున్న మామూలు ఉప్పు.

ఆ సాయంత్రం ఫోన్లో మా అన్నతో చెప్పుకుని ఏడ్చాను. "ఉప్పు కోసరం అంత దూరం ఇమానమెక్కి పోయినావా పాపా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

మా అన్న నాకంటే బాగా పెద్ద. నాయన పోయాక నన్ను చదివించింది ఆయనే. తనకల్లు దగ్గర మా ఊళ్లోనే సేద్యం చేస్తాడు, ఎక్కువగా వేరుశనగ. బోరు నీళ్లు పోస్తే చేనుకు తడి కడతాడు, పోయకపోతే ఆకాశం వైపు చూస్తాడు. నన్ను ఎంతవరకు చదివించాడో ఆయనకు తెలుసు. దేనికోసం చదివించాడో మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు. నేను చెప్పడం మొదలుపెడితే రెండో మాటకే ఆవలిస్తాడు.

అలాంటివాడు ఒక ఎండాకాలం పొద్దున బోరులోంచి మోటారు పైకి లాగుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. కదిరికి, అక్కడి నుంచి అనంతపురానికి తీసుకుపోయారు. గుండెకు పోయే రక్తనాళం పూడుకుపోయిందని, లోపల సన్నటి జాలీ గొట్టం, అదే స్టెంటు, వేశారు. నేను చేరేసరికి మంచం మీద కూర్చుని ఇడ్లీలో ఉప్పు తక్కువైందని వదినతో పోట్లాడుతున్నాడు. డాక్టరు రాసిన మందులు చూశాను. అందులో ఒక మాత్ర సూటిగా పోయి కూర్చునేది నా రిసెప్టర్ గుంటలోనే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, అన్న అంత పెద్ద గండం గడిచి ఆసుపత్రిలో ఉంటే నాకు సంతోషంతో ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లకు నా పని మా ఇంటి గడప తొక్కింది.

స్టెంటు ఒంటికి పరాయి లోహం. ప్లేట్‌లెట్లు దాన్ని చూస్తే ఊరుకోవు. పుండు అనుకుని చుట్టూ గుంపు కడితే గొట్టం మళ్లీ పూడుతుంది, ఈసారి నిమిషాల్లో. అందుకే ఆ మాత్ర రోజూ వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానకూడదు. డాక్టరు ఈ మాట చెప్పాడు. నర్సు చెప్పింది. మందుల షాపువాడు కూడా చెప్పాడు.

ఇంటికి తీసుకొచ్చాక నేను వివరంగా చెప్పాను. ఫోన్లో బొమ్మ తెరిచి, రిసెప్టర్‌ను తిప్పి తిప్పి, గుంట చూపించాను. మా అన్న మొదటిసారి ఆవలించకుండా విన్నాడు. పైగా ప్రశ్నలు వేశాడు.

"ఈ మాత్ర దాంట్లోకి పోయి కూసుంటే మల్లా లేస్తాదా?"

"లెయ్యదు. అతుక్కుపోతాది. ఆ ప్లేట్‌లెట్ సచ్చేదాకా అంతే."

"ఎన్నాళ్లకు సస్తాది?"

"వారం, పది దినాలు."

"అంతవరకూ మందు పని చేస్తానే ఉంటాది?"

"ఆ ప్లేట్‌లెట్ వరకు చేస్తాది. కానీ దినామూ కొత్తవి పుడతాంటాయి గదా, వాటికోసరం దినామూ ఏసుకోవల్ల."

ఇక్కడ ఆ చివరి మాట ఎందుకు రాస్తున్నానంటే, నేను చెప్పానని రుజువు కోసం. చెప్పాను. నోరు తెరిచి, తెలుగులో, మా ఊరి తెలుగులోనే చెప్పాను. మా అన్న తలూపి, "బాగుండాది పాపా నీ పని" అన్నాడు. ఆ ఒక్క మాటకు పొంగిపోయి బెంగళూరు వెళ్లి, కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పాను, మా అన్నకు నా రీసెర్చి అర్థమైందని.

మొదటి వానలు పడ్డాక మళ్లీ ఊరికి పోయాను. పొద్దున్నే వసారాలో కాఫీ తాగుతున్నాను. అన్న చేను చూసుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని, కంచె నుంచి విరిచి తెచ్చిన జాలి ముల్లు, తుమ్మముల్లు లాంటిది, ఒకటి తీశాడు. తువ్వాలుకు తుడిచి ఎడమచేతి చిటికెన వేలి కొసలో గుచ్చుకున్నాడు. లోపల విరిగిన ముల్లేదో తీసుకుంటున్నాడనుకున్నాను. కాదు. వేలు పైకెత్తి పట్టుకుని రక్తాన్ని చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి బొట్టు ఉబ్బి, నల్లబడి, ఆగిపోయింది. తువ్వాలుతో తుడిచి చూశాడు, మళ్లీ రాలేదు.

"బిరీన ఆగిపోయిందే, ఈ పొద్దు ఏసుకోవల్ల. మాత్ర తే" అని లోపలికి కేకేశాడు. వదిన మాత్రా, చెంబుతో నీళ్లూ తెచ్చి ఇచ్చింది. రోజూ జరిగే తంతులా ఉంది ఇద్దరికీ.

"ఈ పొద్దు ఏసుకోవల్ల అంటే ఏంది? దినామూ ఏసుకోవల్ల గదా నువ్వు?" అన్నాను.

మా అన్న నా వైపు జాలిగా చూశాడు. "నువ్వే చెప్పినావు గదా పాపా. ఒక తూరి ఏసుకుంటే వారం దినాలు ఉంటాదని. పదునున్న సేనికి మల్లా మల్లా నీళ్లు కడితే ఏమైతాది? ఏరు కుళ్లుతాది. అందుకే ముల్లు పొడిసి చూస్తా. రక్తం కారతానే ఉంటే మందు పదును ఇంగా ఉండాదని, ఏసుకోను. టక్కున ఆగితే పదును ఆరిందని. అప్పుడు ఏసుకుంటా."

మాది కరువు నేల. వాన పడితే రైతు చేసే మొదటి పని చేలోకి పోయి మట్టి తవ్వి పిడికిట పట్టడం. ముద్దయితే పదునుంది, అంటే లోపల తడి చాలినంత ఉంది, విత్తనం వేయొచ్చు. రాలిపోతే లేదు. బోరు నీళ్లు కట్టేవాళ్లూ అంతే. మట్టి చూడకుండా తడి పెట్టేవాణ్ణి మావైపు రైతనరు. పైగా వేరుశనగకు పూత ముందు కొన్నాళ్లు నీళ్లు బిగబట్టి కావాలనే బెట్ట ఇస్తారు, అప్పుడే పూత ఒక్కసారి వచ్చి, కాయ కట్టే ఊడలు మట్టిలోకి బాగా దిగుతాయి. పుట్టినప్పటి నుంచి మా అన్న చేసిన సేద్యం ఇదే. మాత్రలు కొనలేక కాదు, డబ్బాలో నిండుగా ఉన్నాయి. మరిచిపోయీ కాదు. శ్రద్ధగా, బాధ్యతగా, తన గుండెకు బెట్ట ఇచ్చుకుంటున్నాడు.

ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువ మండించిందేమిటంటే, అది పూర్తి తెలివితక్కువ పని కాదు. వేలు గుచ్చి రక్తం ఎంతసేపట్లో ఆగుతుందో చూసే పరీక్ష ఒకప్పుడు ఆసుపత్రుల్లోనూ ఉండేది. మరీ మూర్ఖంగా చేసి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. ఇది సగం సరైనది, ఆ మిగతా సగమే మనిషిని చంపుతుంది.

"అన్నా, పైరు వాడిపోతే నీళ్లు కడితే లేస్తాది. నీ గుండె లెయ్యదు. రక్తం టక్కున ఆగేదాకా నువ్వు కాచుకోని కూసుంటే, ఆ ఆగేది ఏలి మీద కాదు, ఆ గొట్టంలో ఆగితే? అప్పుడు మాత్ర యానికి?"

"ఇన్నాళ్లూ ఏం కాలేదు గదా."

"కాకపోతే మంచిదే. ఏమన్నా అయితే చెప్పేదానికి నువ్వుండవు."

"దినామూ కొత్తవి పదింట్లో ఒకటి పుడతాదనుకో. తొమ్మిది నిద్రపోతాంటే ఆ ఒకటి ఏం చేస్తాది పాపా?"

చూశారా, లెక్క కూడా వేశాడు. నేను చెప్పినవేవీ వినలేదనుకోవడానికి లేదు. అన్నీ విన్నాడు. విన్నవన్నీ తీసుకుపోయి చేలో నాటాడు.

ఈ గొడవ సగంలో ఉండగా పక్కింటి మామ వచ్చాడు. ఆయనకూ బెంగళూరులో స్టెంటు వేశారు. వస్తూనే చూపుడువేలు నా ముఖం ముందు పెట్టాడు. దాని నిండా ముల్లు గుచ్చిన చిన్న చిన్న మచ్చలు.

"మీ యన్న చెప్పినట్ల నేను గూడా ముల్లు పెట్టి చూసుకుంటాండా అమ్మా. నిన్న పొడిస్తే శానాసేపు కారింది. మంచిదే గదా?"

"మంచిదే మామా" అన్నాడు మా అన్న, నేను నోరు తెరిచేలోపే. "పదునుండాది నీకు. మా పాపే గదా ఈ మాత్ర కూసునే గుంతను కనిపెట్టింది. ఆయమ్మ చెప్పినాక ఇంగ మాటేముండాది."

గుంత నేను కనిపెట్టలేదని చెప్పాలా, వారానికొక మాత్ర చాలని నేననలేదని చెప్పాలా, ముందు ఏది చెప్పాలో తోచలేదు. రచ్చకట్ట దగ్గర ఇంకెంతమందికి నా పేరు మీద ముళ్లు పంచాడో అడిగే ధైర్యం చేయలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఆ ఇద్దరి ముందు నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చివరికి మామ భయపడ్డాడు. ఇక రోజూ వేసుకుంటానన్నాడు, ఆయన మాట నిలబెట్టుకున్నాడు కూడా. మా అన్న మాత్రం "సరేలే" అన్నాడు. మా అన్న సరేలే అన్నాడంటే ఆ మాట అక్కడికి ముగిసిందని అర్థం, ఒప్పుకున్నాడని కాదు. ఇన్నేళ్లు చెల్లెలిగా ఉండి ఆ తేడా తెలియక, గెలిచాననుకుని బస్సెక్కాను.

రోజూ సాయంత్రం ఫోన్ చేసేదాన్ని. ఏసుకున్నావా అంటే ఏసుకున్యా అనేవాడు. గొంతులో తడబాటు కూడా ఉండేది కాదు.

విత్తనం పడ్డాక వాన ముఖం చాటేసింది. చేలు ఎండుతున్నాయని, బోరు ఆగి ఆగి పోస్తోందని అన్న ఫోన్లో చెప్పేవాడు. ఒక పొద్దున నేను మైక్రోస్కోపు ముందు ఉండగా వదిన ఫోన్ చేసింది. స్ప్రింక్లర్ పైపులు మారుస్తూ చేలో పడిపోయాడట, చెమటలు పట్టి మాట రావడం లేదట, కదిరి నుంచి అంబులెన్సులో అనంతపురం తీసుకుపోతున్నారట.

కారులో కూర్చున్నాక ఏ టోల్‌గేటు దగ్గర ఆగినా డ్రైవరు మీద అరిచాను. ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. ఏళ్ల తరబడి గాజు పలక మీద, ఒక్కసారి కదలకుండా నిలబడవే తల్లీ అని నేను బతిమాలిన ఆ రిసెప్టరే మా అన్న గుండెలో తన పని తాను చక్కగా చేసుకుపోతోంది. కబురు అందుకుంటోంది, తోటివాటిని పిలుస్తోంది, గొట్టం మూస్తోంది. దాని మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు. అన్న మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. బతికి ఉంటే చంపేస్తాను అనుకున్నాను, అక్షరాలా అదే మాట అనుకున్నాను.

బతికాడు. సమయానికి చేర్చారు. పూడిన గొట్టాన్ని మళ్లీ తెరిచారు. నన్ను లోపలికి రానిచ్చేసరికి ముఖం బూడిద రంగులో ఉంది. చేతికి సూది గుచ్చిన చోట రక్తం కమిలి పెద్ద మచ్చ. మంచం కాళ్ల వైపు నిలబడ్డాను. డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, రాత్రంతా నిద్ర లేనట్టుంది, నాకంటే విసుగ్గా ఉన్నాడు.

"ఈ మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

"లేదు సార్" అన్నాడు మా అన్న. "నాలుగైదు దినాలకొకటి."

"నాలుగైదు రోజులకొకటా? ఎవరు చెప్పారు మీకు అలా వేసుకోమని?"

నేను సిద్ధపడ్డాను. నేనేం చెప్పానో, ఏం చెప్పలేదో, ప్రతి మాటా వరుసగా చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. మా అన్న నా వైపు చూడలేదు. పైకప్పు వైపు చూస్తూ, "ఎవురూ చెప్పలేదు సార్. నాకే బుద్ధి లేక" అన్నాడు.

డాక్టరు నా మీద పడ్డాడు. "మీరేనా చెల్లెలు? చదువుకున్నవాళ్లలా ఉన్నారు, మీరైనా చెప్పొద్దా?" అని, మందుల చీటీ వెనక్కి తిప్పి, ప్లేట్‌లెట్ అంటే ఏమిటో బొమ్మ గీసి నాకు చెప్పడం మొదలుపెట్టాడు. రిసెప్టర్‌ను తాళంలాగా గీశాడు, మాత్రను తాళంచెవిలాగా గీశాడు. తాళంచెవి తలకిందులుగా ఉంది. తలూపుతూ మొత్తం విన్నాను. అర్థమైందా అంటే అర్థమైంది డాక్టరుగారూ అన్నాను.

ఆయన వెళ్లగానే మంచం పక్కకు వచ్చాను. "ఊరంతా మా పాపే చెప్పింది అని టముకు ఏసినావు గదా. ఈడ యానికి అబద్ధం చెప్పినావు?"

దుప్పటి గుండెల మీదికి లాక్కున్నాడు. మళ్లీ అడిగాను.

"ఆయప్ప పెద్ద డాక్టరు పాపా" అన్నాడు మెల్లగా. "నువ్వు చెప్పినావని తెలిస్తే మీ పైనోళ్లకు ఫోన్ చేసి చెప్తాడు. నీ ఉద్యోగం తీసేస్తే? దానికోసరమే గదా అంత చదువు చదివింది."

కోపంతోనో దేనితోనో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చావు దాకా పోయి వచ్చిన మనిషి పక్క మీద పడుకుని నా ఉద్యోగం గురించి దిగులు పడుతున్నాడు. అన్నా, మా ఉద్యోగాలు అట్లా పోవు, మా పైవాళ్లకు నువ్వెవరో కూడా తెలియదు, నేను చెప్పింది తప్పేమీ కాదు అని చెప్పబోయాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఈ మనిషికి నేను నిజం చెప్పి చెప్పి చూశాను. నిజమంతా విని, చక్కగా అర్థం చేసుకుని, దానితోనే చావబోయాడు.

నర్సు మాత్ర తెచ్చి బల్ల మీద పెట్టింది.

"రేపు గూడా ఏసుకోవల్లనా?" అన్నాడు.

"ఏసుకోవల్ల" అన్నాను. "ఈ మాత్ర ఏసుకున్నోళ్ల లెక్కంతా మా పైనోళ్ల దగ్గరికే పోతాది. నువ్వు ఒక్క దినం మానేసినా వాళ్లకు తెలిసిపోతాది. అప్పుడు నిజంగానే నా ఉద్యోగం పోతాది."

మా అన్న నా ముఖంలోకి చూశాడు. లేవలేని మనిషి మోచేయి ఆనించి లేచి, మాత్ర కోసం చెయ్యి చాపాడు.

ఇప్పుడు నేను ఫోన్ చేయనక్కర్లేదు. తెల్లారేసరికి ఆయనే చేస్తాడు. "ఏసుకున్యా పాపా. మీ పైనోళ్లకు చెప్పు" అంటాడు. చెప్తాను అంటాను.